అప్‌డేట్: లాడ్జి నైట్ డ్యూటీ ఇంకా మానలేదు

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్లో రాత్రి డ్యూటీ చేస్తూ ఎస్వీ యూనివర్సిటీలో ఎంకామ్ చదువుతున్నా, ఆ పనంటే చిరాకు, మానేయాలా అని అప్పట్లో అడిగినా కదా. ఎక్కువమంది ‘మానెయ్ తమ్ముడూ’ అన్నారు. మానలేదు. వచ్చే 8,000లో మెస్ బిల్లు పోను మిగిలింది అమ్మకి పంపాలి. ఆ లెక్క మారనంతవరకు నా ఇష్టాయిష్టాలతో పనేముంది?

ఒక అక్క చెప్పినట్టు ఓనర్‌నే నేరుగా అడిగినా. జీతం పెంచడంట. బ్రహ్మోత్సవాల రద్దీలోనూ అంతేనంట. పరీక్షలప్పుడు మాత్రం సెలవిస్తానన్నాడు, నోటిమాటే. చూద్దాం.

పని అదే పని. టీటీడీ సత్రాలు శ్రీనివాసం, విష్ణునివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్లకి పోవాలని అర్ధరాత్రే దిగుతారు జనం. కౌంటర్ నిండా ఆధార్ జెరాక్సులు, గుండు కొట్టించుకున్న పిల్లోళ్ల గంధం చేతిముద్రలు. రూము రేటు నేనే పెట్టినట్టు అరుస్తారు! మొన్న వేడినీళ్లు రాలేదని నన్ను తిట్టిన పెద్దాయనే, ఖాళీ చేసి పోయేటప్పుడు లడ్డూ విరిచి, జీడిపప్పు ఉండే సగం నా చేతిలో పెట్టినాడు. ఏమనాలో తెలీలేదు.

అసలు మార్పు ఒకటుంది. కొర్లగుంటలో ఇద్దరు ఇంటర్ పిల్లలకి సాయంత్రాలు అకౌంట్స్ చెప్తున్నా. ఇంకో ముగ్గురు చేరితే లాడ్జికి ఒక దండం. తెలిసిన పిల్లలుంటే చెప్పండన్నా, సీఈసీ వాళ్లయితే ఇంకా మంచిది.