నుకాదోకొలో (కూరగాయలు ఊరబెట్టే తవుడు ముద్దలో) నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన పోవడం లేదు

జపాన్‌లో ఇంట్లో నుకాజుకే (ఉప్పు తవుడులో ఊరే కూరగాయలు) ఊరబెట్టే అలవాటున్నవాళ్లు ఎవరైనా చెప్పండి. మేముండేది ఒసాకాలో. ఏప్రిల్‌లో కిలో వేయించిన తవుడు, 130 గ్రాముల ఉప్పు, లీటరు నీళ్లు, కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క, ఎండుమిర్చితో నుకాదోకొ కలిపాను. పక్కింటి పెద్దావిడ తన పాత తవుడు పిడికెడు అందులో వేశారు. జూన్ దాకా కీర దోసకాయ, వంకాయ, ముల్లంగి చక్కగా ఊరాయి. పిల్లలు పెరుగన్నంలోకి కూడా అవే అడిగేవారు.

త్సుయు (ఇక్కడి వానాకాలం) వానలు మొదలయ్యాక వంటింట్లో వేడి 30 డిగ్రీలకు చేరుతోంది. పైన పల్చటి తెల్లపొర కడుతోంది. లోపల్నుంచి నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి ఘాటు వాసన. పచ్చ బూజు, నల్ల బూజు ఎక్కడా లేవు. సాయంత్రం వేసిన దోసకాయ తెల్లారేసరికి తినలేనంత పుల్లబడుతోంది.

పైపొర రెండు సెంటీమీటర్ల మందాన తీసేశాను. ఉదయం, రాత్రి అడుగు నుంచి పైకి తిరగేసి కలుపుతున్నాను. రెండు చెంచాల ఉప్పు, ఒక చెంచా ఆవపిండి, కప్పు కొత్త తవుడు కూడా వేశాను. కూరగాయలేవీ వేయకుండా వారంపాటు ఫ్రిజ్‌లో ఉంచితే పొర ఆగింది గానీ, బయట పెట్టగానే వాసన మళ్లీ మొదలైంది. పెద్దావిడ ఇచ్చిన తవుడు కలిసింది కాబట్టి మొత్తం పారబోయడం నాకిష్టం లేదు.

ఇలాంటి వాసన వచ్చిన నుకాదోకొను బాగుచేసుకున్నవాళ్లు, పాత తవుడు ఎంత భాగం తీసి కొత్తది కలిపారు?