డెన్వర్ దగ్గర జార్జిటౌన్ వెండి గనుల ఊరు: మా వయసు వారికి ఒక్క రోజులో వీలవుతుందా?

బ్రాడీపేట వాసి (గుంటూరు):
జూలైలో మా అబ్బాయి దగ్గరకు డెన్వర్ వెళ్తున్నాం. ఒక శనివారం జార్జిటౌన్ చూపించి, అదే రోజు అక్కడి నుంచి గ్వానెల్లా కనుమ దాకా కారులో తీసుకెళ్తానంటున్నాడు. మావారికి 68 ఏళ్లు, రక్తపోటు మాత్రలు వేసుకుంటారు. నాకు మోకాళ్ల నొప్పులు. కొండ రైలు ఎక్కడం, గనిలోకి దిగడం మా వల్ల అవుతుందా? జూలైలో కూడా స్వెట్టర్లు కావాలా? వెళ్లివచ్చిన వారు చెప్పండి.

పట్టాల మనిషి (విజయవాడ):
అమ్మా, రెండేళ్ల కిందట జూలైలోనే నేనూ మా ఆవిడా ఆ ఊరు చూశాం. రైల్వేలో పట్టాల పనిలో 34 ఏళ్లు ఉన్నవాణ్ణి కాబట్టి ముందు రైలు సంగతే చెబుతాను.

జార్జిటౌన్‌కూ, పైనున్న సిల్వర్ ప్లూమ్‌కూ మధ్య దూరం రెండు మైళ్లే. ఎత్తులో తేడా మాత్రం 600 అడుగులకు పైమాట. తిన్నగా లైను వేస్తే ప్రతి నూరడుగులకూ ఆరడుగులు ఎక్కాలి. బరువు లాగే ఆవిరి ఇంజనుకు అది చాలా కష్టం. అందుకని 1884లో లోయలోనే లైనును మెలికలు తిప్పి, ఒకచోట అది తన మీదుగా తానే దాటేలా ఎత్తైన వంతెన కట్టి, నాలుగున్నర మైళ్ల పట్టాలు పరిచారు. మూడడుగుల గేజి అది, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు మూడడుగులు. మన గుంటూరు–మాచర్ల పాత మీటరు గేజి కంటే బెత్తెడు తక్కువ. వంతెన మీద బండి నెమ్మదించినప్పుడు కిందికి చూస్తే, కాసేపటి కిందట మనం వచ్చిన పట్టాలే కనిపిస్తాయి. నల్లమలలో మన పాత రైలు వంతెన, దొరబావి వంతెన గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. 1939లో ఈ లైనును తుక్కు ఇనుము కింద ఊడదీశారు. వంతెనను 1984లో, అంటే సరిగ్గా నూరేళ్లకు, మళ్లీ నిలబెట్టారు. అలా పట్టుబట్టి నిలబెట్టిన వారికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

దారి మధ్యలో దిగితే లెబనాన్ వెండి గని. రైలు ఎక్కితే తప్ప అక్కడికి చేరలేం. మా తమ్ముడు సింగరేణిలో పనిచేశాడు. గని అంటే ఉక్క, చెమట అని వాడి నోట విన్నవాణ్ణి. ఇక్కడ లోపల ఏడు డిగ్రీల చలి, పైనుంచి బొట్లు బొట్లుగా నీళ్లు. స్వెట్టరు తప్పనిసరి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, మీ మోకాళ్లతో వద్దు. మీవారిని పంపి, మీరు రైలు ప్రయాణం చేయండి.

పటమట టీచరు (విజయవాడ):
పైన చెప్పినదంతా నిజం. గనికి బదులు ఊళ్లోని హోటల్ డి పారిస్ చూడండి. లూయీ డుప్యూయీ అనే ఫ్రెంచివాడు 1875లో తెరిచిన హోటలు, ఇప్పుడు మ్యూజియం. గనుల ఊళ్లో, కొండల నడుమ, అంత నాజూకైన భోజనశాల ఎలా నడిపాడా అని నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. 1893లో ప్రభుత్వం వెండి కొనడం మానేయడంతో ధర కుప్పకూలింది, ఊరు ఎదగడం ఆగింది. కొత్త కట్టడాల కోసం పాతవి కూల్చే అవసరం రాలేదు. స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు కాపాడుకోవడంతో పెద్ద అగ్నిప్రమాదమూ జరగలేదు. అందుకే ఆ చెక్క ఇళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి.

మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పడే కాలం అది. పొద్దుటి రైలుకే టికెట్లు తీసుకోండి.

బ్రాడీపేట వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. గ్వానెల్లా కనుమ సంగతి ఎవరూ చెప్పలేదు. అబ్బాయి అదే బాగుంటుందని పట్టుబడుతున్నాడు.

పట్టాల మనిషి:
ఆ రోజుకు వద్దమ్మా. జార్జిటౌనే 8,500 అడుగుల ఎత్తు, మన ఊటీ కంటే వెయ్యి అడుగులకు పైగా ఎక్కువ. కనుమ 11,669 అడుగులు. జార్జిటౌన్‌లోనే మా ఆవిడకు తల దిమ్మెక్కి, ఆయాసం వచ్చింది. వాగు ఒడ్డున కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తినిపించాక గంటకు గానీ తేరుకోలేదు. ఆ గంటలో నేను పడ్డ భయం మీకు వద్దు. డెన్వర్ చేరిన మొదటి వారంలో కొండలెక్కవద్దు. మాత్రల విషయం బయలుదేరే ముందే గుంటూరులో మీ డాక్టరును అడగండి. కనుమకు వెళ్లాలనుంటే తిరుగు ప్రయాణానికి ముందు వారంలో, ఒంట్లో బాగుంటేనే పెట్టుకోండి. అబ్బాయి ఒప్పుకోకపోతే ఈ మాటలే చదివి వినిపించండి.

బ్రాడీపేట వాసి:
ఇప్పుడే ఫోనులో చదివి వినిపించాను అన్నయ్యగారూ. పొద్దుటి రైలుకు మూడు టికెట్లు, గనికి రెండు తీసుకుంటానన్నాడు. కనుమ మాట వాయిదా వేశాడు.