పాత ఇల్లు కొనేటప్పుడు హోమ్ వారంటీ తీసుకోవాలా? (డాలస్ ప్రాంతం)

ప్రశ్న: కొత్త కొనుగోలుదారు, ప్లేనో

అందరికీ నమస్కారం. మేము 1998లో కట్టిన ఇల్లొకటి కొనడానికి ఒప్పందం చేసుకున్నాము, ప్రస్తుతం ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండానే ఒప్పందం నుంచి తప్పుకోగలిగే కొద్ది రోజుల గడువు) నడుస్తోంది. ఏసీ, వాటర్ హీటర్ పనిచేస్తున్నాయి గానీ రెండూ బాగా పాతబడ్డాయని ఇన్‌స్పెక్టర్ నివేదికలో రాశారు. మొదటి ఏడాది హోమ్ వారంటీ ఖర్చు తాము భరిస్తామని అమ్మేవారు అంటున్నారు, మా రియల్టరు కూడా తీసుకోమనే చెబుతున్నారు. ఆఫీసులో వాళ్ళు మాత్రం అది దండగ అంటున్నారు. ఇంటి బీమా ఎలాగూ తీసుకుంటున్నప్పుడు ఇది కూడా అవసరమా?

జవాబు: ఫ్రిస్కో వాసి

ఈ రెండింటికీ పొంతన లేదండీ. వడగళ్ళు పడి పైకప్పు దెబ్బతిన్నా, అగ్నిప్రమాదం జరిగినా ఆదుకునేది బీమా. వాడగా వాడగా అరిగిపోయి ఏసీ ఆగిపోతే బీమా కంపెనీ పట్టించుకోదు, ఆ లోటు పూడ్చడానికి వచ్చినదే హోమ్ వారంటీ. పేరుకు వారంటీ అయినా నిజానికి ఇది ఏడాదికొకసారి పునరుద్ధరించుకునే సర్వీసు ఒప్పందం. ఏడాది రుసుము కట్టినా మెకానిక్ వచ్చిన ప్రతిసారీ విడిగా సర్వీసు ఫీజు ఇవ్వాలి, ఆ మెకానిక్‌ను ఎంచుకునేది కూడా కంపెనీయే. అమ్మేవారే డబ్బు ఇస్తున్నారు కాబట్టి మొదటి ఏడాదికి నిరభ్యంతరంగా తీసుకోండి. క్లోజింగ్ (ఇల్లు మీ పేరున మారడం) తరువాత విడిగా కొంటే చాలా కంపెనీలు 30 రోజులు ఆగిన తరువాతే రక్షణ మొదలుపెడతాయి.

జవాబు: అలెన్ నుంచి ఒకరు

తీసుకోవద్దని నేను అనను, కానీ దాన్ని చూసుకుని ధర తగ్గించమని అడగడం మానేయకండి. మీ చేతిలో ఉన్న ఇన్‌స్పెక్షన్ నివేదిక అమ్మేవారితో బేరమాడడానికి మీకు ఎంత బలమో, రేపు క్లెయిము తిరస్కరించడానికి వారంటీ కంపెనీకీ అంతే బలం. ముందునుంచీ ఉన్న లోపమనో, సరిగా నిర్వహించలేదనో అనడానికి వాళ్ళకు అందులోనే ఆధారం దొరుకుతుంది. మా బంధువుల ఇంట్లో నడివేసవిలో ఏసీ పాడైతే కంపెనీ అడిగిన మొదటి మాట, పాత సర్వీసు రసీదులు చూపించమని.

ఏసీ విషయంలో మరో చిక్కు ఉంది. పాత ఏసీల్లో చల్లదనం కోసం వాడిన ఆర్-22 వాయువు తయారీ, దిగుమతి ఈ దేశంలో 2020 జనవరి 1 నుంచి ఆగిపోయాయి; దాని బదులు వచ్చిన ఆర్-410ఏతో నడిచే కొత్త ఏసీల తయారీకి కూడా 2025 జనవరి 1 నుంచి ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు బయటి యూనిట్ మార్చాల్సి వస్తే, కొత్త వాయువుకు ఇంట్లోని పాత కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల భాగం) సరిపోక అదీ మార్చవలసి రావచ్చు. ఈ అదనపు మార్పులకూ వాయువుకూ పర్మిట్‌కూ పాత సామాను తీసివేయడానికీ ఒప్పందంలో డబ్బు ఇస్తారో లేదో, ఏసీకి గరిష్ఠ పరిమితి ఎంతో చూడకుండా సంతకం పెట్టకండి. నా మటుకు నేను ఏసీ కోసం అమ్మేవారిని నగదు రాయితీనే గట్టిగా అడుగుతాను. ఇక ఇక్కడి బంకమట్టి నేలలో అందరినీ భయపెట్టే పునాది పగుళ్ళు సాధారణంగా వారంటీలోకి రానే రావు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. రాయితీ అడిగితే అమ్మేవారు వారంటీ ఇవ్వబోమని అంటారేమో? ఒకటే ఎంచుకోవాల్సి వస్తే?

జవాబు: అలెన్ నుంచి ఒకరు

రాయితీయే. వారంటీని మీరు తరువాతైనా కొనుక్కోవచ్చు, బేరమాడే అవకాశం ఆప్షన్ పీరియడ్‌తోనే పోతుంది.

జవాబు: మెకిన్నీ వాసి

ఇద్దరూ సరిగానే చెప్పారు. కంపెనీని ఎంచుకునే ముందు దానికి టెక్సాస్ లైసెన్సింగ్ శాఖ, అంటే టీడీఎల్ఆర్, ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్లో చూడండి. 2021 నుంచి ఈ కంపెనీలు ఆ శాఖ కిందకే వస్తాయి, ఫిర్యాదు చేయవలసినదీ అక్కడే. ప్రకటనల కరపత్రం కాకుండా అసలు ఒప్పందం పూర్తి ప్రతిని ముందే పంపమనండి. పంపడానికి నసిగితే మరో కంపెనీ చూసుకోండి.