పాత కోస్ట్‌గార్డ్ కట్టర్లను తీసుకొని ఫిలిప్పీన్స్ నౌకాదళం లాభపడిందా?

ప్రశ్న: తీరంవాసి

ఫిలిప్పీన్స్ నౌకాదళానికి చెందిన గ్రెగోరియో డెల్ పిలార్ తరగతి నౌకల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. అమెరికా కోస్ట్‌గార్డ్ నలభై ఏళ్ళకు పైగా వాడి పక్కన పెట్టిన హామిల్టన్ తరగతి కట్టర్లలో (కోస్ట్‌గార్డ్ వాడే పెద్ద గస్తీ ఓడల్లో) మూడింటిని ఆ దేశం 2011, 2016 సంవత్సరాల మధ్య తీసుకొంది. మొదట వీటిని ఫ్రిగేట్లుగా (మధ్యస్థ పరిమాణపు యుద్ధనౌకలుగా) చేర్చుకొని, దక్షిణ కొరియాలో కట్టిన హోసే రిజాల్ తరగతి ఫ్రిగేట్లు రాబోతున్న తరుణంలో గస్తీ నౌకల జాబితాలోకి మార్చారు. వీటిపై శత్రు నౌకలను కొట్టే క్షిపణులు లేవు, విమానాలను కూల్చే క్షిపణులూ లేవు. అలాంటప్పుడు ఇంత పాత ఓడల మీద డబ్బు పోయడం కన్నా, చిన్నవైనా సరే, కొత్త గస్తీ పడవలు కొనుక్కోవడం మేలు కాదా? ఈ విషయం తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు: లంగరు

తీరంవాసి గారూ, ఈ ఓడలను మొదట ఏ పనికి కట్టారో చూస్తే మీ ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరుకుతుంది. హామిల్టన్ తరగతిలో మొత్తం 12 కట్టర్లను 1960ల మధ్య నుంచి 1970ల ఆరంభం వరకు న్యూ ఆర్లియన్స్ దగ్గరి ఏవన్‌డేల్ నౌకానిర్మాణ కేంద్రంలో కట్టారు. ఆ రోజుల్లో అమెరికా కోస్ట్‌గార్డ్ ఓడలు నడిసముద్రంలో నిర్ణీత స్థానాలకు వెళ్ళి, వాతావరణ సమాచారం పంపుతూ, సముద్రం మీదుగా వెళ్ళే విమానాలు ఆపదలో పడితే ఆదుకొంటూ, వారాల తరబడి అక్కడే ఉండవలసి వచ్చేది. అందుకే 115 మీటర్ల పొడవు, పూర్తి బరువుతో సుమారు 3,250 టన్నులు, మళ్ళీ సరుకు నింపుకోకుండా 45 రోజులు సముద్రంలో ఉండగల సామర్థ్యం వీటికి వచ్చాయి. ఆ తరువాత ఇదే తరగతి ఓడలు అలాస్కా దగ్గరి బేరింగ్ సముద్రంలో చేపల వేటపై నిఘాకు కూడా ఏళ్ళ తరబడి తిరిగాయి. తుపానులూ ఈశాన్య రుతుపవనాల అలలూ ఉండే దక్షిణ చైనా సముద్రంలో ఒక చిన్న గస్తీ పడవ రేవుకు తిరిగి రావలసిన పరిస్థితిలోనూ ఇలాంటి ఓడ తన స్థానంలో నిలబడగలదు.

ఇంజన్ల ఏర్పాటు కూడా ఈ అవసరం నుంచే పుట్టింది. మామూలు గస్తీకి ఒక్కొక్కటి 3,500 అశ్వశక్తి గల రెండు ఫెయిర్‌బ్యాంక్స్ మోర్స్ డీజిల్ ఇంజన్లు, వేగం అవసరమైనప్పుడు ఒక్కొక్కటి 18,000 అశ్వశక్తి గల రెండు ప్రాట్ అండ్ విట్నీ గ్యాస్ టర్బైన్లు పనిచేస్తాయి. రెండు రకాలూ ఒకేసారి తోయవు. డీజిళ్ళు గాని టర్బైన్లు గాని, ఏదో ఒకటే నడుస్తుంది. టర్బైన్ల మీద ఓడ 29 నాట్ల వేగం అందుకొంటుంది గాని ఇంధనం విపరీతంగా తాగుతుంది. డీజిళ్ళ మీద నిదానంగా సాగితే 10,000 నాటికల్ మైళ్ళకు మించి వెళ్తుంది. ఆ టర్బైన్లు తొలితరం బోయింగ్ 707 విమానాల్లో కొన్నింటికి వాడిన జెట్ ఇంజన్ నుంచి వచ్చినవన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే సంగతి.

ఇక 2011 నాటి ఫిలిప్పీన్స్ నౌకాదళం పరిస్థితిని గుర్తుంచుకోవాలి. అప్పటికి వారి దళంలో పెద్ద యుద్ధనౌక రాజా హుమాబోన్. అది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన ఎస్కార్ట్ నౌక, 1945లో ఒక జర్మన్ జలాంతర్గామిని ముంచడంలో పాల్గొన్నది. దానితో పోలిస్తే 1967లో సేవలో చేరి, 1980ల చివర మొదలైన ఆధునికీకరణలో 76 మిల్లీమీటర్ల ఓటో మెలారా ఫిరంగినీ హెలికాప్టర్ హ్యాంగరునూ అమర్చుకొన్న హామిల్టన్ (అదే తరువాత గ్రెగోరియో డెల్ పిలార్ అయింది) ఎంతో ముందున్నట్టే లెక్క. ఓడ పాతదా కొత్తదా అన్నదాని కన్నా, సిబ్బందికి నెల రోజుల పైబడిన సముద్రయానం, హెలికాప్టర్ దించుకోవడం, గ్యాస్ టర్బైన్ నడపడం నేర్పే ఓడ వారి దగ్గర ఇంకొకటి లేదన్నదే అసలు సంగతి. నా దృష్టిలో ఆ శిక్షణ లేకుండా 2020లో హోసే రిజాల్ వంటి ఫ్రిగేటును నేరుగా చేతికి తీసుకోవడం వారికి చాలా కష్టమయ్యేది.

జవాబు: తూర్పుగాలి

లంగరు గారు చెప్పిన శిక్షణ లాభాన్ని నేను కాదనను. అయితే ఈ ఓడలను నౌకాదళానికి ఇవ్వడమే తగిన నిర్ణయమా అన్నది వేరే ప్రశ్న, నా ఉద్దేశంలో అసలు చర్చ అక్కడే ఉంది. 2012 ఏప్రిల్‌లో దక్షిణ చైనా సముద్రంలో రెండు దేశాలూ తమదే అనే స్కార్‌బరో షోల్ అనే దిబ్బ వద్ద చైనా చేపల పడవలను తనిఖీ చేయడానికి ఫిలిప్పీన్స్ పంపిన ఓడ ఇదే గ్రెగోరియో డెల్ పిలార్. పడవల్లో పగడాలు, పెద్ద ఆల్చిప్పలు, బతికి ఉన్న సొరచేపలు దొరికాయి గాని, ఎవరినీ అరెస్టు చేయకముందే చైనా సముద్ర నిఘా ఓడలు రెండు మధ్యలోకి వచ్చి నిలిచాయి. అవి నౌకాదళానికి చెందినవి కావు, కనుక యుద్ధనౌకను ముందుకు తెచ్చింది ఫిలిప్పీన్సే అన్న వాదన చైనాకు అయాచితంగా దొరికింది. కొద్ది రోజుల్లోనే మనీలా ఆ ఓడను వెనక్కి రప్పించి, దాని స్థానంలో కోస్ట్‌గార్డ్ ఓడను పంపవలసి వచ్చింది. తెల్లరంగుతో నలభై ఏళ్ళు సముద్రపు పోలీసుగా తిరిగిన ఓడ, బూడిదరంగు పూసుకొన్న ఏడాదికే పోలీసు పనికి పనికిరానిదయింది!

వియత్నాం ఇదే తరగతికి చెందిన మోర్గెంథా అనే ఓడను 2017లో తీసుకొన్నప్పుడు నౌకాదళానికి ఇవ్వకుండా తన కోస్ట్‌గార్డ్‌లోనే చేర్చి, తెల్లరంగునూ ఉంచింది. (వియత్నాం యుద్ధకాలంలో ఆ దేశపు తీరం వెంబడే గస్తీ తిరిగిన ఓడ అది.) నన్నడిగితే ఆ నిర్ణయమే వివేకవంతమైనది. ఫిలిప్పీన్స్ కూడా తరువాత ఆ దారికే వచ్చింది. 2022లో జపాన్ నుంచి వచ్చిన 97 మీటర్ల తెరెసా మగ్బనువా తరగతి ఓడలను కోస్ట్‌గార్డ్‌కే ఇచ్చింది.

జవాబు: ఇంజన్‌గది

డబ్బు విషయం ఇంతవరకు ఎవరూ సరిగ్గా ముట్టుకోలేదు. ఇలాంటి బదిలీల్లో ఓడ దాదాపు ఉచితంగానే వస్తుంది. మళ్ళీ నడిచే స్థితికి తేవడం, సిబ్బందికి శిక్షణ, విడిభాగాలు మాత్రం పుచ్చుకొన్న దేశం నెత్తిన పడతాయి. మొదటి ఓడకు ఫిలిప్పీన్స్ తన మలంపాయా సహజవాయువు క్షేత్రం ఆదాయం నుంచి సొమ్ము తీసింది. పైగా అప్పగించే ముందు ఫాలాంక్స్ అనే ఆఖరి రక్షణ తుపాకీనీ పాత వైమానిక నిఘా రాడారునూ అమెరికా విప్పేసుకొంది. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ మన విశాఖపట్నం నుంచే ఉంది: 2023 జూన్‌లో అక్కడినుంచి బయలుదేరిన ఐఎన్ఎస్ కిర్పాణ్ అనే యుద్ధనౌకను మన నౌకాదళం వియత్నాంకు ఆయుధాలతో సహా కానుకగా ఇచ్చింది.

ఖర్చు అక్కడితో ఆగదు. ఫెయిర్‌బ్యాంక్స్ మోర్స్ డీజిల్‌లో ఒక్కో సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదులుతాయి, పైన ఒక క్రాంక్‌షాఫ్ట్, కింద ఒకటి ఉంటాయి. చాలా గట్టి ఇంజనే గాని కింది పిస్టనో లైనరో (సిలిండరు లోపలి తొడుగో) మార్చాలంటే ముందు పైభాగమంతా విప్పాలి, దానికి చెయ్యి తిరిగిన మెకానిక్కులు కావాలి. 2020 మే నెలలో ఈ తరగతిలో రెండోదైన రామోన్ అల్కరాజ్ కొచ్చి నుంచి కోవిడ్ మాస్కులు తీసుకొని స్వదేశానికి బయలుదేరిన కొద్దిసేపటికే ఇంజన్ గదిలో మంటలు లేచాయి. ఇద్దరు నావికులకు గాయాలయ్యాయి. సిబ్బంది త్వరగానే మంటలు ఆర్పారు, ఓడ కొచ్చికి తిరిగివచ్చి మరమ్మతు చేయించుకొని వెళ్ళింది. ఇక గ్రెగోరియో డెల్ పిలార్ 2018 ఆగస్టు 29న హాసా హాసా షోల్ వద్ద దిబ్బ ఎక్కి, సెప్టెంబరు 3న గాని బయటపడలేదు. ఇది వయసు తెచ్చిన సమస్య కాదు గాని, మూడే ఓడలున్న తరగతిలో ఒకటి మూలపడితే గస్తీలో మూడో వంతు పోయినట్టే.

ప్రశ్నించినవారు: తీరంవాసి

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. వీటికి క్షిపణులు అమర్చడం సాంకేతికంగా అసాధ్యమా, లేక వద్దనుకొన్నారా?

జవాబు: లంగరు

అసాధ్యం కాదు. ఇదే తరగతికి చెందిన మెలన్ 1990 జనవరిలో నౌకలను కొట్టే హార్పూన్ క్షిపణిని ప్రయోగించి చూపింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక కోస్ట్‌గార్డ్‌కు ఆ అవసరం లేదని వాటిని తీసివేశారు. ఫిలిప్పీన్స్ విషయంలో మిగిలిన సేవాకాలం ఎంత, అంత ఖర్చు గిట్టుతుందా అన్నదే లెక్క. వారు క్షిపణుల బదులు దక్షిణ కొరియాకు చెందిన హన్‌వా సంస్థ నుంచి కొత్త పోరాట నిర్వహణ వ్యవస్థను (రాడార్ల, ఆయుధాల సమాచారాన్ని ఒకచోట కలిపి చూపే కంప్యూటర్ ఏర్పాటును) తీసుకొన్నారు. చుట్టూ ఏముందో చూసి ఇతర నౌకలకు చెప్పగలగడమే గస్తీ ఓడకు ముందు కావలసింది గనుక, క్షిపణులను కొత్త ఫ్రిగేట్లకు వదిలేయడం నాకు సమంజసంగానే కనిపిస్తోంది. తూర్పుగాలి గారి రంగు వాదనతో మాత్రం నేను ఏకీభవిస్తాను, కాకపోతే 2011లో ఫిలిప్పీన్స్ కోస్ట్‌గార్డ్‌కు ఇంత పెద్ద ఓడను నడిపే మనుషులు ఉన్నారా అన్నది కూడా చూడాలి.