పక్షపాతం నిబంధనల్లోకి ఎలా దూరుతుంది? ఎలా పట్టుకోవాలి?

పాతఫైలు:
పక్షపాతం ఉన్న అధికారి రిటైరైతే వివక్ష కూడా పోతుందనుకోవద్దు. అమెరికాలో డ్యూక్ పవర్ కేసు చూడండి. ఆ కంపెనీ నల్లజాతివాళ్లను తక్కువ జీతాల కూలీ విభాగంలోనే ఉంచేది. 1965లో పౌరహక్కుల చట్టంలోని ఉద్యోగాల భాగం అమల్లోకొచ్చిన రోజే, మంచి ఉద్యోగాలకు హైస్కూల్ చదువుతోపాటు రెండు పరీక్షలు కూడా పాసవ్వాలంది. కాగితం మీద జాతి అన్న మాటే లేదు! ఆ పనులకు అవి ఎందుకు కావాలో కంపెనీ చూపించలేకపోయింది. 1971లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

లెక్కలరాయుడు:
దీన్ని పట్టుకోవడానికి అక్కడ 1978లో ‘అయిదింట నాలుగొంతుల’ (అంటే 0.8) లెక్క పెట్టారు. ఒక వర్గంలో 80 మందికి 48 మంది ఎంపికైతే 60 శాతం. ఇంకో వర్గంలో 40కి 12 అంటే 30 శాతం. 30ని 60తో భాగిస్తే 0.5. ఇది 0.8 కంటే తక్కువైతే ఆరా తీయాలి. తీర్పు మాత్రం కాదు.

ఎక్కువమంది చేసే తప్పు, చివరి జాబితా మీదే ఈ లెక్క వేయడం. వడపోత, రాతపరీక్ష, ఇంటర్వ్యూ, దేనికది విడిగా వేస్తేనే ఎక్కడ రాలిపోతున్నారో తెలుస్తుంది. ఏడెనిమిది మందే ఉంటే దీన్ని నమ్మకండి, ఒక్కరు అటూఇటూ అయినా నిష్పత్తి తలకిందులవుతుంది.

కొత్తగొంతు:
ఫారంలో జాతి, లింగం గడులు తీసేస్తే సరిపోదా అండీ?

పాతఫైలు:
చిరునామా, చదివిన బడి, ఉద్యోగంలో విరామం, ఇవి చాలవూ ఆ సంగతి చెప్పేయడానికి? పైగా ఆ వివరం ఎక్కడా లేకపోతే రాయుడు గారి లెక్క వేయడమే కుదరదు. ఎంపిక చేసేవాళ్లకు కనబడకుండా విడిగా దాచాలి.

నాడిపట్టు:
2019లో బయటపడ్డ అమెరికా ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. అందులో జాతి గడి లేనే లేదు. ఎవరికి అదనపు సంరక్షణ కావాలో, వాళ్ల మీద అయ్యే వైద్యఖర్చును బట్టి అంచనా వేసేది. అంతే జబ్బున్నా నల్లజాతి రోగుల మీద ఖర్చు తక్కువ, వైద్యం అందడమే తక్కువ కాబట్టి. దాంతో వాళ్లు ‘ఆరోగ్యవంతులు’ అయిపోయారు. ఆ తేడా సరిచేస్తే అదనపు సాయానికి ఎంపికయ్యేవాళ్లలో వాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు.

లెక్కలరాయుడు:
అందుకే ముందు అడగాల్సింది, ‘ఏం కొలుస్తున్నాం, దేనికి బదులుగా?’ అని. సిఫార్సు మీద తీసుకునే చోట్లయితే కొలిచేదే ఉండదు. ఉన్నవాళ్లు తమలాంటివాళ్లనే తెస్తారు. అక్కడ ఎంపిక శాతం కాదు, అసలు దరఖాస్తు దాకా ఎవరొచ్చారో చూడండి.