నర్సింగ్ చదివితే ఉద్యోగం దొరుకుతుంది, మరి జీతం?

ఖమ్మం నాన్న:
మా అమ్మాయి బైపీసీ అయిపోయింది. నీట్‌లో ర్యాంకు రాలేదు, బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానంటోంది. "నర్సులకు పని దొరక్కపోవడమేంటి" అని అందరూ అంటున్నారు. మా చెల్లెలి కూతురు జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో రెండేళ్లుగా చేస్తోంది. చేతికి వచ్చేది పద్నాలుగు వేలు, అందులో హాస్టల్‌కే ఆరు వేలు. నాలుగేళ్లు చదివించాక మా పిల్లదీ ఇదే పరిస్థితి అయితే ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్ నర్సింగ్ ఆఫీసర్:
అన్నా, ధైర్యంగా చేర్పించండి. నేను 2023 ఆగస్టు 2న మన రాష్ట్ర స్టాఫ్ నర్సు పరీక్ష రాసి ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. 5,204 పోస్టులతో వచ్చిన నోటిఫికేషన్ చివరికి ఏడు వేలు దాటింది. 2024లో మళ్లీ 2,050 పోస్టులు వేశారు. ఎయిమ్స్ నర్సుల పరీక్ష నార్‌సెట్ కొడితే అక్కడ నెలకు బేసిక్కే 44,900. మా ఊళ్లో ఇంజినీరింగ్ చేసినవాళ్లకు ఇలాంటి నోటిఫికేషన్లు ఎక్కడున్నాయి?

వరంగల్ వార్డు సిస్టర్:
తమ్ముడూ, నీకు ఉద్యోగం వచ్చినందుకు నిజంగా సంతోషం. ఆ పరీక్ష నేనూ రాశాను, రాలేదు. 2017 తర్వాత మళ్లీ అంత పెద్ద నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. ఆ ఐదేళ్లలో పాసైన పిల్లలంతా ఎక్కడ పనిచేశారు? మాలాంటి ప్రైవేటు వార్డుల్లోనే.

మా సర్జికల్ వార్డులో రాత్రి డ్యూటీకి 30 మంచాలకు ఇద్దరం ఉంటాం. పన్నెండింటికి ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని బయల్దేరితే, చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి మొదటి మంచం సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతూ ఉంటుంది. పేషెంటు తాలూకు వాళ్లు "సిస్టర్, సిస్టర్" అని పరిగెత్తుకొస్తారు. తెల్లారి కేస్ షీట్లన్నీ రాసి, డ్యూటీ అప్పజెప్పేసరికి ఎనిమిదిన్నర. అన్నా, జీతం తక్కువ ఉన్నది నర్సుల అవసరం లేక కాదు. నలుగురి పని ఇద్దరితో జరిగిపోతోంది కాబట్టి మూడో పోస్టే పుట్టడం లేదు. విసిగిపోయి ఒకమ్మాయి మానేస్తే, ఆ జూన్‌లోనే కొత్త బ్యాచ్ బయటికొస్తుంది.

సుప్రీంకోర్టు చెప్పడంతో కేంద్రం వేసిన కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. 200 మంచాలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి, 50 లోపు మంచాలున్నది కూడా 20 వేలకు తగ్గకూడదు. మీ మేనకోడలి పద్నాలుగు వేలు దాని పక్కన పెట్టి చూడండి. ఇది అమలు చేయించమని అడగకుండా "నర్సింగ్‌కు డిమాండ్ ఉంది" అంటే నాకు కడుపు మండుతుంది.

నిజామాబాద్ నుంచి ఓ నర్సు:
అక్కా, నువ్వు చెప్పింది నిజం. అందుకే జర్మనీలో నర్సుగా చేరడానికి నేను జర్మన్ నేర్చుకుంటున్నాను. విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు శిక్షణ ఇస్తోంది. భాషలో బీ2 అనే స్థాయి దాకా రావాలి, డ్యూటీ చేస్తూ చదవడం చాలా కష్టం. అయినా ఇక్కడ ఎదురుచూడటం కంటే నయం అనిపిస్తోంది.

వరంగల్ వార్డు సిస్టర్:
వెళ్లు తల్లీ, తప్పకుండా వెళ్లు. కానీ అందరూ వెళ్లలేరు. అత్తమామలు, చిన్నపిల్లలు ఉన్న నేను వెళ్లలేను. ఇక్కడ మిగిలేవాళ్ల జీతం గురించే నా గొడవంతా.

అన్నా, అమ్మాయికి ఇష్టమైతే చేర్పించండి. చేర్పించే ముందు ఆ కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందో లేదో మీరే వెళ్లి చూడండి. పేషెంట్లు లేని వార్డులో పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఉద్యోగంలో చేరేటప్పుడు మాత్రం ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరు అడిగినా ఇవ్వనివ్వకండి. నావి ఓ ఆస్పత్రిలో ఏడాదిన్నర పెట్టేసుకున్నారు. వేరేచోట మంచి జీతానికి పిలిచినా కదల్లేకపోయాను.

ఖమ్మం నాన్న:
సిస్టర్ గారూ, ఈ సర్టిఫికెట్ల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. సోమవారం అమ్మాయిని తీసుకుని కాలేజీకి వెళ్తున్నాను. ఆఫీసు గదికి కాదు, ముందు వార్డుకే తీసుకెళ్లమంటాను.