సోరియాసిస్‌కీ సీఓపీడీకీ నిజంగా లింకు ఉందా, లేక తప్పంతా పొగదేనా?

ఒంగోలు_అబ్బాయి: మా నాన్నగారికి చాలా ఏళ్లుగా సోరియాసిస్. ఈమధ్య రెండు మెట్లెక్కినా ఆయాసం. ఎక్స్‌రే చూసి సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు. చర్మం జబ్బు వల్లే ఇది వచ్చిందని ఒక డాక్టరు, సంబంధమే లేదని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలి?

గోదావరి_గట్టు: సంబంధం లేదండీ. సోరియాసిస్ ఉన్నవాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువ. ఆ పొగే ఊపిరితిత్తుల్నీ తినేస్తుంది. నాన్నగారికి బీడీ అలవాటుందా?

నల్లమల: పొగ ఒక్కటే కారణమైతే, దాని లెక్క తీసేశాక తేడా మిగలకూడదు కదా! 2008లో ఇజ్రాయెల్ పరిశోధకులు 12,502 మంది సోరియాసిస్ రోగుల్ని అదే వయసున్న ఇతరులతో పోల్చారు. రోగుల్లో సీఓపీడీ 5.7 శాతం, మిగతావాళ్లలో 3.6. పొగ, ఊబకాయం లాంటివి సర్దుబాటు చేశాక తేడా తగ్గింది గానీ పోలేదు. టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి వాపు పుట్టించే పదార్థాలు చర్మం దగ్గరే ఆగవు, రక్తంలోనూ తిరుగుతాయి.

గోదావరి_గట్టు: రోజుకెన్ని బీడీలు, ఎన్నేళ్లు అన్నది ఆసుపత్రి రికార్డుల్లో సరిగ్గా ఉండదండీ. ఇంకో మాట. వాపు ఒకటే అయితే మందూ ఒకటే పనిచేయాలి. సోరియాసిస్‌ని టీఎన్ఎఫ్ ఆల్ఫాని అడ్డుకుని బాగా అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని సీఓపీడీ రోగులకిచ్చి చూశారు. 2007లో ఫలితాలొచ్చాయి, ఏ మేలూ కనబడలేదు.

నల్లమల: గట్టి పాయింటే, ఒప్పుకుంటాను. కానీ గాలితిత్తులు ఒకసారి పాడయ్యాక ఏ మందూ వాటిని తిరిగి పెంచలేదు. జబ్బు మొదలవడంలో వాపు పాత్ర లేదని దాంతో తేలిపోదు.

ఒంగోలు_అబ్బాయి: నాన్న బీడీ ముట్టరండీ. కానీ ఏటా సీజన్‌లో పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రంతా కూర్చుని కట్టెలు ఎగదోసేవారు.

గోదావరి_గట్టు: చూశారా! ఇలాంటి మనిషిని ఏ సర్వేలోనైనా 'పొగతాగరు' అనే గడిలో వేస్తారు. కట్టెల పొగ ఎవరి లెక్కలోకీ రాదు.

మందుల_అక్క: మీ వాదన తర్వాత. తమ్ముడూ, నాన్నగారు సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతున్నారా? అరుదుగా ఆ మందే ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది. పొడిదగ్గు, జ్వరం, ఆయాసం కొత్తగా వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చెప్పాలి. సీఓపీడీని ఎక్స్‌రేతో తేల్చరు, స్పైరోమెట్రీ చేయించాలి, అదే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష. రేపు ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు మొదలుపెడతామంటే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి.

ఒంగోలు_అబ్బాయి: వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నారక్కా. ఊదే పరీక్ష ఎవరూ రాయలేదు. ఎక్స్‌రే, మందు చీటీలు పట్టుకుని రేపే ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.